రెండు బకెట్ల నీళ్ళతో కారు కడుక్కునేది ఎట్లా?

ఎండాకాలం మొదలైందని మాకు క్యాలెండరు చూస్తే తెలియదు, లిఫ్టు పక్కన అంటించిన కాగితం చూస్తే తెలుస్తుంది. "కార్లకు, బైకులకు పైపు పెట్టరాదు. పెడితే 500 రూపాయలు." దాని కింద ఎవరో బాల్‌పెన్నుతో "మరి వరండా కడిగేవాళ్ళకో?" అని రాసిపోతారు. ఏటా ఇదే కాగితం, ఇదే ప్రశ్న.

తిరుపతిలో ఉండేవాళ్ళకు నీళ్ళ కథ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వానలు బాగా పడిన ఏడాది కళ్యాణి డ్యాము ఆదుకుంటుంది. లేదంటే తెలుగుగంగే గతి. ఆ కృష్ణనీళ్ళు శ్రీశైలంలో బయల్దేరి, సోమశిల, కండలేరు దాటుకుని మన కుళాయిదాకా రావాలి. అంత దూరం వచ్చిన నీళ్ళను టైరు మీద పోస్తుంటే మా అవ్వ ఊరుకునేది కాదు. "ఏం నాయనా, దానికేమన్నా దప్పికా?" అనేది. బెంగళూరులో అయితే 2024 మార్చిలో తాగేనీళ్ళతో కార్లు కడగడాన్నే నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టారు. మన దగ్గర అట్లాంటి రోజు వచ్చినా రాకపోయినా పద్ధతి ముందే తెలిసి ఉంటే మంచిది.

ముందుగా ఆ కాగితంలో ఏముందో సరిగ్గా చదవండి. "పైపు పెట్టరాదు" అంటే బకెట్‌కు అభ్యంతరం లేదు. "సంపు నీళ్ళు, కార్పొరేషన్ నీళ్ళు వాడరాదు" అంటే ఏసీ నీళ్ళకు, ఆర్ఓ మిషను పారబోసే నీళ్ళకు ఇబ్బంది లేదు. "సెల్లారులో కార్లు కడగరాదు" అని ఉంటే మాత్రం బకెట్ కూడా వద్దనే అర్థం. అప్పుడు తడిగుడ్డతో తుడుచుకోవడమే. కింద చెప్పే పద్ధతిలో నేలమీద నీళ్ళు పారవు కాబట్టి మూడింటికీ పనికొస్తుంది.

మీ పైపు ఎంత తాగుతుందో చూడండి

15 లీటర్ల బకెట్ పెట్టి, పైపు పూర్తిగా తిప్పి, ఫోనులో టైము చూడండి. మాది 50 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 18 లీటర్లు. నేను అంతకుముందు పన్నెండు నిమిషాలు పైపు పట్టుకునేవాణ్ణి, మధ్యలో సబ్బు రుద్దేటప్పుడు కూడా అది కిందపడి పారుతూనే ఉండేది. లెక్క 216 లీటర్లు తేలింది. అట్లాంటి కార్లు ఎనిమిది ఉంటే వారానికి 1,728 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులో మూడో వంతు పైమాట! ఈ లెక్క వేశాకే ఆ 500 మీద నా గొణుగుడు ఆగింది.

ఇప్పుడు ఇదే కారుకు నాకు పట్టేది 11 లీటర్లు.

తక్కువ నీళ్ళు కాదు తప్పు, ఒకే గుడ్డ

"కాసిన్ని నీళ్ళతో తుడిస్తే పెయింటు గీతలు పడుతుంది" అని చాలామంది భయం. భయంలో నిజముంది, కారణమే వేరు. పొద్దున్నే సెల్లారులో కార్లు తుడిచే అబ్బాయిని ఒకసారి గమనించండి. ఒక బకెట్, ఒక గుడ్డ, ఆరు కార్లు. మొదటి కారు తుడిచిన గుడ్డ బకెట్‌లో ముంచి పిండుతాడు. ఆ మట్టి నీళ్ళలోకి పోతుంది, నీళ్ళలోంచి మళ్ళీ గుడ్డకే వస్తుంది. ఆరో కారు యజమాని కట్టే డబ్బుకు అయిదు కార్ల ఇసుక తన బానెట్ మీద రుద్దించుకుంటున్నాడన్నమాట. అబ్బాయిని అనేదేముంది, మనం ఇచ్చిందే ఒక గుడ్డ.

మన చిత్తూరు సీమ దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఎర్రమట్టికి తోడు గ్రానైటు క్వారీల పొడి. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ ఇనుప మేకు కంటే గట్టిది. కారు రంగు మీద ఉండే క్లియర్‌కోటు మందం మహా అయితే మన తల వెంట్రుకంత. ఆ పొడిని పొడిగుడ్డతో దులిపినా, మురికిగుడ్డతో తుడిచినా గీరుకుపోతుంది. ఈకల బ్రష్షుతో దులిపేది కూడా అంతే. ఎండలో బానెట్ మీద సాలెగూడులాగా గుండ్రటి గీతలు మెరుస్తుంటాయే, అవి ఇట్లా వచ్చినవే.

కాబట్టి నీళ్ళు తగ్గించాలంటే గుడ్డలు పెంచాలి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

కావలసినవి

మైక్రోఫైబర్ గుడ్డలు ఎనిమిది, తుడిచి ఆరబెట్టడానికి మందంగా ఉండేవి ఇంకో రెండు. కొనేటప్పుడు జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో) అని అంకె ఉంటుంది, కడగడానికి 300 నుంచి 400 మధ్య ఉన్నవి చాలు. అంచులకు గట్టి కుట్టు, ప్లాస్టిక్ లేబులు ఉంటే కత్తిరించి పారేయండి, అవే గీతలు పెడతాయి. పాత బనియన్లు, తువ్వాళ్ళు చక్రాలకే.

రెండు లీటర్ల చేతి స్ప్రేయరు ఒకటి. మొక్కలకు కొట్టేది, పైన పంపు నొక్కితే గాలి ఎక్కేది. ఊళ్ళో మామిడితోట ఉన్నవాళ్ళు మందు కొట్టే స్ప్రేయరు తెచ్చేస్తుంటారు, ఆ పని చేయకండి. ఎంత కడిగినా మందు పూర్తిగా పోదు, తెల్లారి మీ పిల్లలు అదే డోరు పట్టుకుంటారు.

ఇక ముఖ్యమైనది రిన్స్‌లెస్ వాష్ అనే ద్రావణం. మామూలు కారు షాంపూ వాడితే నురగ పోయేదాకా నీళ్ళు పోయక తప్పదు. ఇది నురగ రాదు, మళ్ళీ కడగనక్కర్లేదు. దీంట్లోని పదార్థాలు మట్టిరేణువు చుట్టూ జారుడు పొరలాగా పట్టుకుని, గుడ్డ దాన్ని ఈడ్చేటప్పుడు రంగుకు రాసుకోకుండా చూస్తాయి. నా దగ్గరున్న సీసాలో పాళ్ళు 1కి 256, అంటే లీటరు నీళ్ళకు సుమారు 4 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా కొలత మూత ఉంటుంది కదా, దాంతో కొలవండి. మీ సీసా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. సీసా ధర చూసి ఉలిక్కిపడకండి, అర లీటరు తెస్తే పదిహేను కడుగుళ్ళకు తక్కువ రాదు.

బట్టల పౌడరు, అంట్ల సబ్బు వద్దు. జిడ్డు వదిలించే పనిలో అవి కారు మీది వ్యాక్సు కూడా ఊడ్చుకుపోతాయి. రబ్బరు బీడింగులు తెల్లబారతాయి. పసుపు విషయంలో అయితే ఇంకో తమాషా జరుగుతుంది, అది తర్వాత చెప్తాను.

నీళ్ళు ఎక్కడివి?

ఇంట్లో పారబోసే నీళ్ళు రెండు రకాలు. రెండింటి గుణం వేరు. ఇది తెలియకే నేను ఒక ఎండాకాలం మొత్తం పాడు చేసుకున్నాను.

ఆర్ఓ మిషను ఒక బిందె మంచినీళ్ళిచ్చి రెండు మూడు బిందెలు పారేస్తుంది. ఊరికే పోతున్నాయి కదా అని ఆ నీళ్ళతో నల్లకారు మొత్తం కడిగాను, అదీ ఏప్రిల్ నెల పదకొండు గంటలకు. అరగంటలో కారంతా తెల్ల చుక్కలు. అద్దాల మీదైతే సున్నం చల్లినట్టు! ఆలోచిస్తే కారణం చేతిలోనే ఉంది. మంచినీళ్ళలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ పారబోసే నీళ్ళలోనే ఉంటాయి. తాగేనీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదని మన ప్రమాణాలు చెప్తాయి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సర్దుకోమంటాయి. 1,000 ఉన్న నీళ్ళు ఒక లీటరు కారు మీదే ఆరిపోతే, కారు మీద ఒక గ్రాము సున్నం, ఉప్పు మిగిలినట్టే. బోరునీళ్ళదీ ఇదే సమస్య, మన వైపు బోర్లు లోతుకు పోయేకొద్దీ మరీను.

ఏసీ నీళ్ళు దీనికి పూర్తిగా తిరుగుడు. గాల్లోని ఆవిరి చల్లబడి కారిన నీళ్ళు కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. ఆరినా మచ్చ పడదు. బాల్కనీలో ఏసీ పైపు కింద 20 లీటర్ల వాటర్ క్యాను పెట్టండి. పొడి ఎండల్లో మా ఇంట్లో రాత్రంతా వేస్తే మూడు నాలుగు లీటర్లు వస్తాయి, మబ్బుపట్టి ఉక్కపోసిన రోజుల్లో దానికి రెట్టింపు. క్యాను మూతికి గుడ్డ కట్టండి, లేదంటే కారు కడిగేలోపు దోమలు కాపురం పెడతాయి. వాడే ముందు వడగట్టుకోండి, పాచి ముక్కలు స్ప్రేయరులో ఇరుక్కుంటాయి.

కాబట్టి పంపకం ఇట్లా. పైభాగానికి, అద్దాలకు ఏసీ నీళ్ళు. చక్రాలకు, మ్యాట్లకు ఆర్ఓ పారబోసే నీళ్ళు. ఏసీ లేని ఇల్లయితే, కాగితం వద్దనకుంటే, మామూలు కుళాయి నీళ్ళే ఎనిమిది లీటర్లు తీసుకోండి, ఆరకముందే తుడిచేస్తాం కాబట్టి ప్రమాదం లేదు.

ఎక్కడ, ఎప్పుడు

తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి, సుర్రుమంటే ఆగండి. సాయంత్రం నీడపడ్డాక కూడా రేకు ఒక గంటదాకా వేడిగానే ఉంటుంది.

మట్టినేల ఉంటే మట్టినేల మీదే. ఇంకుడుగుంత పక్కన వద్దు. వాననీళ్ళకని తవ్వుకున్న గుంతలోకి బ్రేకు మసి, జిడ్డు దింపితే మన బోరులోకే దింపినట్టు.

ఇక కడుగుడు

మొదట బకెట్‌లో ఆరు లీటర్ల నీళ్ళు, 24 మిల్లీలీటర్ల ద్రావణం. స్ప్రేయరులో రెండు లీటర్లు, 8 మిల్లీలీటర్లు. ఎనిమిది గుడ్డల్లో ఏడింటిని బకెట్‌లో నానేయండి. ఎనిమిదోది అద్దాలకు పొడిగా పక్కన.

గుడ్డ పట్టుకునే ముందు ఆకులు, పుల్లలు చేత్తో ఏరేయండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీలో వేపాకు, చింతాకు ఇరుక్కుంటుంది. అది కుళ్ళి నీళ్ళు పోయే దారి మూసుకుంటే, నవంబరు వానల్లో నీళ్ళు కారు లోపలికి దిగుతాయి. ఇది కడగడంలోకి రాదు కానీ, ఎట్లాగూ వంగాం కదా.

తర్వాత రూఫు, దాని తర్వాత మీరు మొదలుపెట్టబోయే ఒక వైపు మాత్రం స్ప్రే చేసి రెండు నిమిషాలు వదిలేయండి. మొత్తం కారు ఒకేసారి తడపొద్దు, చివరికి వచ్చేసరికి మొదటిది ఆరిపోతుంది. ఈ రెండు నిమిషాలే అసలు పని చేసేది. దగ్గరగా చూస్తే దుమ్ము చుక్కలు చుక్కలుగా ముద్దకట్టి కిందికి జారడం కనిపిస్తుంది. ఓపిక లేక వెంటనే గుడ్డ పెట్టారో, పదకొండు లీటర్లూ దండగే.

బకెట్‌లోంచి ఒక గుడ్డ తీయండి. నీళ్ళు కారకుండా, అట్లాగని పూర్తిగా పిండకుండా. నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖంతో ఒక్క ఈడ్పు, కారు ముందునుంచి వెనక్కి, తిన్నగా. గుండ్రంగా తిప్పొద్దు. చేతి బరువు గుడ్డ మీద మోపొద్దు, పడుకున్న పసిబిడ్డ మొహం తుడిచినట్టు పోవాలి. ముఖం ఎర్రబారగానే మడత తిప్పండి. ఎనిమిదీ అయ్యాక ఆ గుడ్డను పక్కన ప్లాస్టిక్ టబ్బులో పడేసి ఇంకొకటి తీయండి. వాడిన గుడ్డ మళ్ళీ బకెట్‌లోకి పోకూడదు. ఈ ఒక్క మాట తప్పితే సెల్లారు అబ్బాయికీ మనకూ తేడా లేదు.

వరస పైనుంచి కిందికి. రూఫు, అద్దాలు, బానెట్, డోర్ల పైసగం, డిక్కీ, బంపర్లు, చివరికి డోర్ల అడుగు. చక్రాలు చిమ్మిన మట్టంతా ఆ అడుగునే ఉంటుంది, దానికి విడిగా ఒక గుడ్డ కేటాయించండి. ఒక భాగం తుడవగానే మందపాటి పొడిగుడ్డను పరిచి, అద్ది, మెల్లగా లాగేయండి. ఆ తర్వాతే పక్కభాగానికి స్ప్రే.

అద్దాలకు చివర్లో ఒట్టి ఏసీ నీళ్ళు చిలకరించి పొడి గుడ్డతో తుడిస్తే గీత కూడా కనపడదు. ముందే సున్నం చుక్కలు పడి ఉంటే తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డ తడిపి అద్దం మీద ఒక నిమిషం అంటించి ఉంచండి, తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో ఇంకోసారి తుడవండి. రంగు మీద మాత్రం వెనిగర్ నానబెట్టొద్దు.

చక్రాలు ఆఖరున. బకెట్ అడుగున మిగిలిన రెండు లీటర్ల ద్రావణం, దానికి ఆర్ఓ నీళ్ళు మూడు లీటర్లు, పాత బనియను, అరిగిపోయిన పళ్ళబ్రష్షు. కొందరు చక్రాలు మొదట కడగమంటారు. నీళ్ళు ఇష్టమొచ్చినట్టు ఉంటే అదే సరి, లేనప్పుడు మిగిలిన నీళ్ళకు ఇంతకంటే మంచి వాడుక లేదు. కొండ దిగి వచ్చిన వెంటనే మాత్రం చక్రాల జోలికి పోకండి. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ దిగిన డిస్కు కాలిపోతుంటుంది, దాని మీద చల్లనీళ్ళు పడితే వంకరపోయే ప్రమాదముంది. ఇంటికొచ్చి కాఫీ తాగి, స్నానం చేసి, అప్పుడు చూడండి. ఆ నల్లటి మసి మాత్రం రోజుల తరబడి వదిలేయకండి. దాంట్లో ఉండేది ఇనుప పొడి, తేమ తగిలితే అల్లాయ్ చక్రానికి తుప్పు చుక్కల్లాగా పట్టేస్తుంది.

మన ఊరి మరకలు

పసుపు, కుంకుమ. అలిపిరిలో కొత్తబండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద ఓంకారం రాయించుకుని వస్తాం. మర్నాడు ఆ పసుపు మరకను బట్టల సబ్బుతో రుద్దితే ఎర్రగా మారి ఇంకా భయపెడుతుంది. దిష్టికి ఎర్రనీళ్ళు ఎట్లా కలుపుతాం? పసుపులో సున్నం. సబ్బులో ఉండేది కూడా సున్నం లాంటి క్షారమే, అందుకే ఆ ఎరుపు. భయపడకుండా, పొడిగా ఉన్న పసుపును ముందు ఊదేసి, ద్రావణం స్ప్రే చేసి అయిదు నిమిషాలు ఆగి తుడవండి. ఇంకా లేతపసుపు నీడ మిగిలితే వదిలేయండి, పసుపు రంగు ఎండకు నిలవదు. మా తెల్లకారు మీద మిగిలింది వారానికల్లా పోయింది. నిమ్మరసం, కొబ్బరినీళ్ళు చిందినచోట మాత్రం అదేరోజు తడిగుడ్డ వేయండి, ఒకటి పులుపు, ఇంకొకటి చక్కెర.

మామిడిచెట్టు కింద నీడకని ఆపితే, పూత కాలంలో కారంతా జిగట. చెట్టు తప్పు కాదది, తేనెమంచు పురుగు విసర్జించే తియ్యటి బంక. దాని మీద దుమ్ము పడితే నల్లగా గట్టిపడుతుంది. గోరుతో గీకకండి. గుడ్డను గోరువెచ్చటి ద్రావణంలో ముంచి ఆ చోట పరిచి పది నిమిషాలు ఉంచితే తనంతట తనే వదులుతుంది. కాకి రెట్ట, పావురం రెట్టకు ఇదే వైద్యం. వాటికి వారం ఆగొద్దు, ఎండలో రెట్ట ఒక్కరోజులోనే రంగును తినడం మొదలుపెడుతుంది. డిక్కీలో చిన్న సీసాలో కలిపిన ద్రావణం, ఒక గుడ్డ ఎప్పుడూ ఉంచుకోండి.

ఈ పద్ధతి పనికిరాని రోజు

పొలం దారిలో పోయి వచ్చి బురద పెచ్చులు కట్టి ఉంటే గుడ్డ పెట్టకండి, ఎన్ని గుడ్డలున్నా చాలవు. ముందు నీళ్ళ ఒత్తిడితో పెచ్చు రాలాలి. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషరు చూడ్డానికి నీళ్ళు తాగేస్తున్నట్టుంటుంది కానీ నిమిషానికి ఆరేడు లీటర్లకు మించదు, మూడు నిమిషాలకు 20 లీటర్లు. అయినా కాగితం పెట్టినవాళ్ళకు అదీ పైపే, వాదించి లాభం లేదు. వాడిన నీళ్ళను వడగట్టి మళ్ళీ వాడుకునే వాటర్ సర్వీసింగ్ సెంటరు మీ దగ్గర్లో ఉంటే అక్కడికి పొండి. "నీళ్ళు రీసైకిల్ చేస్తారా?" అని అడిగి, ట్యాంకు చూపించమనండి. నన్ను ఒకచోట వింతగా చూశారు, రెండోచోట గర్వంగా తీసుకెళ్ళి చూపించారు.

ఆరు నెలలకు ఒకసారి వ్యాక్సో, స్ప్రే సీలెంటో పూసుకుంటే దుమ్ము గట్టిగా అంటదు. పూసిన నెలల్లో నాకు గుడ్డలు ఏడింటికి బదులు అయిదే పడుతున్నాయి. పదిరోజులకు ఒకసారి తుడిచే బండికి ఇంతకంటే ఏమీ అవసరం లేదు.

గుడ్డల సంగతి

కారుకు మిగిల్చిన నీళ్ళన్నీ గుడ్డలు ఉతకడానికి పోస్తే చేసిందంతా వృథా. మిషనులో వేయకండి. టబ్బులో మూడు లీటర్ల ఆర్ఓ నీళ్ళు, చెంచాడు లిక్విడ్ డిటర్జెంటు వేసి గంట నానబెట్టి, పిండి, ఇంకో మూడు లీటర్ల మంచినీళ్ళలో జాడించండి. బట్టలు మెత్తబరిచే కంఫర్టు లాంటివి వేయొద్దు, పోగులకు జిడ్డు పట్టి గుడ్డ నీళ్ళు పీల్చడం మానేస్తుంది. మిద్దె మీద నీడన ఆరేయండి, తీగ మీద గాలి దుమ్ము పడని చోట. ఆరాక ఒక్కొక్కటీ విదిలించి వేళ్ళతో తడిమి చూడండి. ఒక్క ఇసుకరేణువు గరుకుగా తగిలినా ఆ గుడ్డకు మూలన ముడి వేసి చక్రాల డబ్బాలో పడేయండి. చక్రాలకు వాడింది కడిగేసి మళ్ళీ పైభాగానికి వాడేద్దామని అనిపిస్తుంది. ఆ ముడి అందుకే.